కాగితం గోపురం... కర్ర కిరీటం!

తిరుపతి అనగానే ఏడుకొండలు, గోవిందనామాలు, లడ్డూ గుర్తొస్తాయి. కానీ ఏటా మే నెలలో ఓ వారం రోజులు కొండకింద ఊరిది మరో లోకం. సందు మలుపు తిరిగితే ఒంటినిండా నామకొమ్ము పూసుకున్న బైరాగి ఎదురొస్తాడు. బస్టాపులో బొగ్గుమసి పూసుకున్న తోటి నిలబడి ఉంటాడు. పట్టుచీర కట్టి, పూలజడ వేసుకున్న మీసాలాయన స్కూటరు మీద వెళ్తుంటాడు. చివరిరోజు వచ్చేసరికి కాగితపు గోపురాలే వీధుల్లో నడుస్తుంటాయి! అక్కణ్నుంచి కాస్త దక్షిణంగా, పుత్తూరు, నగరి, చిత్తూరు వైపు వెళ్తే ఇంకో విడ్డూరం. ఊరిచివర మైదానంలో అర్ధరాత్రివేళ అద్దాల కిరీటాలూ భుజకీర్తులూ తొడుక్కున్న భీముడూ దుర్యోధనుడూ గదలు పట్టుకుని తలపడుతుంటారు. కాగితం, వెదురు, తేలికపాటి కర్ర, మట్టి... ఈ సీమలో దేవతలకీ వీరులకీ ఆకారమిచ్చేవి ఇవే.

ఏడు రోజులు... ఏడు వేషాలు

తాతయ్యగుంట గంగమ్మ తిరుపతి గ్రామదేవత. వేంకటేశ్వరస్వామికి స్వయానా చెల్లెలని ఇక్కడివాళ్ల నమ్మకం. అందుకే జాతరకి తిరుమల నుంచి పుట్టింటి సారె వస్తుంది. ఆడపడుచుకి పసుపు కుంకుమలూ చీరా పంపని అన్న ఉంటాడా మరి!

జాతర వెనక ఓ కథ ఉంది. పూర్వం ఈ ప్రాంతాన్ని ఏలిన పాలెగాడు పరమ దుర్మార్గుడు. కంటపడిన ఆడపిల్లనల్లా చెరబట్టేవాడు. వాణ్ని అంతం చెయ్యడానికే అమ్మవారు తిరుపతి పక్కనున్న అవిలాలలో పుట్టిందంటారు. పసికందుగా దొరికిన ఆమెను కైకాల వంశీకులు పెంచి పెద్దచేశారు. వయసొచ్చిన గంగమ్మ మీద పాలెగాడి కన్ను పడింది. ఆమె విశ్వరూపం చూపించేసరికి పారిపోయి దాక్కున్నాడు. వాణ్ని వెతుకుతూ అమ్మవారు రోజుకో వేషం వేసింది. చివరికి దొర వేషంలో వచ్చేసరికి, వచ్చింది తన పైదొరేననుకుని పాలెగాడు బయటికొచ్చాడు. అంతే, తల తెగింది!

ఆ వెతుకులాటనే ఊరంతా మళ్లీ ఆడుతుంది. మంగళవారం రాత్రి చాటింపుతో మొదలు. జాతర అయ్యేదాకా ఊరివాళ్లెవరూ పొలిమేర దాటి బయట రాత్రి గడపకూడదన్నది పాత కట్టుబాటు. బుధవారం బైరాగి వేషం, ఒంటికి తెల్లటి నామకొమ్ము. గురువారం బండ వేషం, ఒళ్లంతా ఎర్రటి కుంకుమ. శుక్రవారం తోటి వేషం, నల్లటి బొగ్గుపొడి, వేపమండలు. శనివారం దొర వేషం, చందనం పూత, మెడలో నిమ్మకాయల దండ. ఆదివారం మాతంగి వేషం. మగవాళ్లు చీర కట్టి, గాజులు తొడుక్కుని, నగలు దిగేసుకుని అమ్మవారిలా తయారయ్యేది ఆ రోజే. సోమవారం సున్నపుకుండలు, ఒంటిమీద నల్లటి, తెల్లటి చుక్కలు, తలమీద చిల్లులు పెట్టిన కుండ. ఇక మంగళవారం అసలు జాతర.

ఇవన్నీ వేదికమీది వేషాలు కాదు. పిల్లాడికి జబ్బు తగ్గితే బైరాగి వేషం కట్టిస్తామని తల్లి మొక్కుకుంటుంది. ఉద్యోగమొస్తే మాతంగి వేషం వేస్తానని కుర్రాడు మొక్కుకుంటాడు. చంకలో పాపాయికి నామకొమ్ము పూసుకొచ్చిన తండ్రులూ కనిపిస్తారు, పదేళ్లుగా ఒక్క ఏడూ తప్పించని పెద్దవాళ్లూ కనిపిస్తారు. వేషం కట్టి గుడికెళ్లొస్తే మొక్కు తీరినట్టే. కైకాల ఇంటివాళ్లు అమ్మవారి వేషంలో వీధిలోకి వస్తే గడపగడపనా హారతి పడతారు. ఎదురుగా ఉన్నది ఫలానా వాళ్ల అబ్బాయని అందరికీ తెలుసు. అయినా కాళ్లకి నీళ్లు పోసి మొక్కుతారు. వేషం ఉన్నంతసేపూ ఆయన అమ్మే!

అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్యురాలు జాయిస్ ఫ్లూకిగర్ ఈ జాతర మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి 2013లో ఓ పుస్తకమే రాశారు. లోకమే స్త్రీగా మారే రోజులివి అన్నది ఆమె పరిశీలన. ఆడవాళ్లు పసుపు రాసుకుని, పొంగళ్లు పెట్టి, ఎప్పట్లాగే ఉంటూనే అమ్మవారికి దగ్గరవుతారు. వేషం మార్చుకోవాల్సిన అవసరం మగవాళ్లదే. ఆడవాళ్లని హింసించినవాడి కథకి మగవాళ్లే చీర కట్టి ముగింపు పలకడం... ఆలోచిస్తే చిన్న విషయమేం కాదు.

నడిచే గోపురాలు

మంగళవారం తిరుపతి వీధుల్లో చూడాల్సింది సప్పరాలని. వెదురు దబ్బలతో గుడిగోపురంలా కట్టి, రంగుకాగితాలు అంటించి, పూలతో సింగారించిన నిలువెత్తు నిర్మాణమే సప్పరం. దాన్ని తలమీదుగా ఎత్తుకుని, డప్పుల మోతకి అడుగులేస్తూ గుడికి బయల్దేరతారు. దూరం నుంచి చూస్తే జనసముద్రం మీద గోపురాలు తేలుతున్నట్టే ఉంటుంది. మనిషి కనిపించడు, గుడే నడిచొస్తుంది!

చూడ్డానికి కాగితమే కానీ దాని వెనక లెక్క ఉంది. పచ్చి వెదురుని నిలువునా చీల్చి దబ్బలు తీయాలి. మరీ లావైతే వంగవు, మరీ పలచనైతే నిలవవు. అడుగున వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా చట్రం కట్టాలి. ఏ పక్కకి ఒక పిసరు బరువెక్కువైనా నడిచేవాడి మెడ అటే లాగేస్తుంది. పై అంతస్తులు తేలిగ్గా ఉండాలి, లేకపోతే గాలికి ఊగి మనిషిని పడేస్తుంది. కాగితం అంటించడంలోనూ ఒడుపుంది. బిగుతుగా లాగి అంటిస్తే ఆరేసరికి చిరుగుతుంది. వదులైతే ముడతలు. మే నెల తిరుపతి ఎండ సంగతి తెలిసిందే కదా. ఆ ఎండలో అంత బరువు మోస్తూ జనంలోంచి గుడిదాకా నడవాలి. వేసవివాన ఒక్క జల్లు కురిసినా రంగులన్నీ ఒకదాన్లోకొకటి కారిపోతాయి. ఇంత చేసి సప్పరం బతికేది ఎంతసేపు? ఒక్క రోజు!

రాత్రంతా భారతం

తిరుపతిలో వేషం మొక్కుది అయితే, చిత్తూరు పల్లెల్లో వేషం భారతానిది. ఇక్కడ చాలా ఊళ్లలో ద్రౌపదీ సమేత ధర్మరాజుల గుళ్లున్నాయి. ‘భారతం పెట్టారు’ అన్నారంటే ఆ ఊళ్లో మహాభారత ఉత్సవాలు మొదలైనట్టు. పద్దెనిమిది పర్వాలకి తగ్గట్టు సాధారణంగా 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. పగలు విన్న కథే రాత్రి కళ్లముందు జరుగుతుంది. కొన్ని ఘట్టాలైతే నాటకంలో ఇమడవు, ఊరంతా పాల్గొనాల్సిందే. బకాసుర వధ రోజు భీముడు బండెడన్నంతో వీధుల్లో ఊరేగుతాడు. అర్జున తపస్సు రోజు వేషగాడు పద్యాలు పాడుతూ ఎత్తైన తపస్సుమాను ఎక్కుతాడు. పిల్లల్లేని ఆడవాళ్లు తడిచీరలతో మాను చుట్టూ సాష్టాంగపడి ఉంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయో విభూతో దక్కితే కడుపు పండుతుందని ఆశ.

ఈ వీరుల అలంకారం చూడాలి. తలమీద పెద్ద కిరీటం, రెండు భుజాలమీదా రెక్కల్లా విచ్చుకున్న భుజకీర్తులు, రొమ్ముమీద కవచంలాంటి పలక, నడుము చుట్టూ గొడుగులా పరుచుకునే బట్ట, కాళ్లకి బరువైన గజ్జెలు. కిరీటం లోహమని అనుకుంటే పొరపాటే. తేలికపాటి కర్రని చెక్కి, దానిమీద బంగారు వన్నె కాగితం, తళుకు రేకులు, అద్దపు బిళ్లలు అతికిస్తారు. సరిహద్దుకి అవతల తమిళనాట ఈ కళకి ఉన్న పేరే ‘కట్టైకూత్తు’. కట్టై అంటే కర్ర. కర్రనగలు తొడుక్కుని ఆడే ఆట కాబట్టి ఆ పేరొచ్చింది. అక్కడ కాంచీపురంలో 1990లో కళాకారులు ఏకమై సంఘం పెట్టుకుని దీన్ని కాపాడుకుంటున్నారు. ఇక్కడ చిత్తూరు సీమలో అదే సంప్రదాయం తెలుగు పద్యాలు, తెలుగు పాటలతో సాగుతోంది. భాషలకి సరిహద్దులున్నాయి కానీ కిరీటాలకి లేవు!

వేషగాడు రంగంమీదికి నేరుగా రాడు. ఇద్దరు మనుషులు అడ్డంగా తెర పట్టుకుంటారు. దాని వెనక గజ్జెల చప్పుడు. ముందు తెరమీదుగా కిరీటపు కొస కనిపిస్తుంది. తర్వాత రంగుపూసిన నుదురు, మిటకరించిన కళ్లు. జనం ఈలలు వేస్తారు. తెర తీసేసరికి నిన్నటిదాకా పొలంలో మడవ కట్టిన మనిషి అక్కడ ఉండడు, సాక్షాత్తూ దుర్యోధనుడే నిలబడి ఉంటాడు.

కొలత... మనిషి ఒళ్లే

దుకాణంలో చొక్కా కొన్నట్టు కిరీటం కొనడం కుదరదు. తల చుట్టుకొలతని బట్టి, గుండ్రంగా చుట్టిన బట్టమీద కిరీటం కూర్చోవాలి. రాత్రంతా గిరగిరా తిరిగినా జారకూడదు, అలాగని కణతలు నొక్కకూడదు. భుజకీర్తులు మెడ తిప్పితే తగలకూడదు. చేయి పైకెత్తి గద తిప్పడానికి అడ్డు రాకూడదు. అందుకే అలంకారం చెయ్యడం రంగు పూయడమంత పెద్ద పని. తాళ్లు ఎక్కడ బిగించాలో, ఎక్కడ వదలాలో తోటి వేషగాడికే తెలుస్తుంది.

నమూనాలు ఎక్కణ్నుంచి వస్తాయి? చుట్టూ చూస్తే చాలు, ఈ సీమంతా బొమ్మల పుస్తకమే. శ్రీకాళహస్తి కలంకారీ తెరల్లో కురుపాండవులు కిరీటాలతో, ఆభరణాలతో కొలువుతీరి ఉంటారు. ఆ కళకే 2008లో పద్మశ్రీ అందుకున్న జొన్నలగడ్డ గురప్పశెట్టిది శ్రీకాళహస్తే. ఏర్పేడు దగ్గర మాధవమాలలో కర్రలో దేవుళ్లని చెక్కే కుటుంబాలున్నాయి. ఏ గుడి గోపురం చూసినా ద్వారపాలకుల కిరీటాలు కనిపిస్తాయి. సప్పరం కట్టేవాళ్లకైతే గోవిందరాజస్వామి గుడి గోపురం ఊరి నడిబొడ్డునే ఉంది! తర్వాత సినిమా వచ్చింది. 1957లో ‘మాయాబజార్’, 1977లో ‘దానవీరశూరకర్ణ’ చూశాక కృష్ణుడి కిరీటం ఎలా ఉండాలో, సుయోధనుడి నడక ఎలా ఉండాలో తెలుగువాళ్ల కళ్లలో ముద్రపడిపోయింది.

జపాన్‌లోనూ కాగితమే!

సినిమాలో వీరుడు తొడుక్కున్న కవచాన్ని ఇంట్లోనే తయారుచేసుకునే సరదా ఇప్పుడు ప్రపంచమంతా ఉంది. విచిత్రమేమిటంటే అదీ కాగితంతోనే మొదలవుతుంది. దానికి జపాన్‌వాళ్లు పెట్టిన పేరు ‘పెపకురా’. ‘పేపర్ క్రాఫ్ట్’ అన్న మాటనే వాళ్ల నోటికి తగ్గట్టు కుదించుకున్నారు. ముందు సినిమా స్టిల్స్ అన్ని కోణాల్లోంచీ సేకరిస్తారు. వాటిని చూసి కంప్యూటర్‌లో శిరస్త్రాణం బొమ్మ తయారుచేస్తారు. అట్టపెట్టెని విప్పితే బల్లపరుపుగా ఎలా పరుచుకుంటుందో, సాఫ్ట్‌వేర్ ఆ బొమ్మని అలా విప్పి కాగితంమీద గీతలుగా అచ్చువేస్తుంది. గీతల వెంట కత్తిరించి, మడిచి, అంకెల ప్రకారం అతికిస్తే శిరస్త్రాణం సిద్ధం. తర్వాత రెజిన్ పూసి, లోపల గాజుపీచు పరిచి గట్టిపరుస్తారు. పైన సాండ్‌పేపరు రుద్ది రంగేస్తే అచ్చం లోహమే. ఐరన్‌మ్యాన్ అభిమానులు, స్టార్‌వార్స్ సైనికుల్లా తయారయ్యేవాళ్లు ఇలా నెలల తరబడి కూర్చుని చేసుకుంటారు. అమెరికాలో 1997లో మొదలైన ‘501వ లీజియన్’ అనే అభిమాన సంఘానికి దేశదేశాల్లో సభ్యులున్నారు. ఆ కవచాలు తొడుక్కుని వాళ్లు ఆస్పత్రుల్లో పిల్లల్ని పలకరిస్తారు, సేవాకార్యక్రమాలకి వెళ్తారు.

వాళ్ల పనికీ ఇక్కడి పనికీ పోలికలు చాలానే ఉన్నాయి. తేలికపాటి వస్తువుతో బరువైనదాన్ని భ్రమింపజేయడం, బొమ్మ చూసి కొలత తీయడం, మనిషి ఒంటికి సరిపెట్టడం రెండుచోట్లా ఒకటే. తేడా ఒక్కటే. కవచం కట్టుకున్న అభిమాని దాన్ని ఏళ్లతరబడి అద్దాల బీరువాలో దాచుకుంటాడు. సప్పరం కట్టినవాడు మర్నాటికి దాన్ని వదిలేస్తాడు.

తెరమీదికి మాతంగి

ఇన్నాళ్లూ సినిమాని చూసి వేషం నేర్చుకున్న సీమకి 2024లో సినిమాయే ఎదురొచ్చింది. సుకుమార్ తీసిన ‘పుష్ప 2’లో అల్లు అర్జున్ చీరకట్టి, నీలిరంగు పూసుకుని, నిమ్మకాయల దండతో ఆడిన జాతర ఘట్టానికి మూలం తిరుపతి గంగమ్మ జాతరే. ఎక్కడో ఉత్తరాదిలో ఉన్నవాళ్లకి కూడా మాతంగి వేషం అంటే ఏమిటో తెలిసింది. మగవాడు చీర కడితే నవ్వే అలవాటున్న సినిమాహాల్లో జనం ఊపిరి బిగబట్టి చూశారు. అది జాతర సాధించిన గెలుపు.

కానీ ఆ వెలుగుకి మరో పక్క కూడా ఉంది. తెరమీది వేషానికి వెనక పెద్ద బృందం, రోజుల తరబడి శ్రమ, లక్షల ఖర్చు. అది చూసిన కళ్లకి నామకొమ్ము పూసుకున్న బైరాగి వెలవెలబోయి కనిపించే ప్రమాదముంది. ఫొటోకి బాగా కనిపించే మాతంగి వేషమే అందరికీ కావాలి. బొగ్గుమసి పూసుకునే తోటి వేషం ఎవరిక్కావాలి? నిజానికి ఏడు వేషాల వరసలో ఉన్న అర్థమే అది. దేశదిమ్మరి, ఊరి తోటి, దొర, ఆడకూతురు... అమ్మవారు ఎక్కువ తక్కువలన్నీ తనమీదే వేసుకుని చూపించింది. మధ్యలో ఒక్క మెట్టు తీసేసినా కథ కుంటుతుంది.

కొన్నదా... కట్టిందా?

భారతం కిరీటాలకీ ఇదే చిక్కు. కర్ర చెక్కి, అద్దాలు అతికి కిరీటం చెయ్యడానికి రోజులు పడుతుంది. ప్లాస్టిక్ కిరీటం బజార్లో చవగ్గా దొరుకుతుంది. థర్మోకోల్ ముక్కకి బంగారు కాగితం చుట్టేస్తే గంటలో పనైపోతుంది. నాటక బృందాల సంపాదన అంతంతమాత్రం. భారతం జరిగే నెలలు పోతే కూలిపనో, వ్యవసాయమో చేసుకుని బతకాలి. అలాంటప్పుడు ఖరీదైన కిరీటం చేయించమని వాళ్లకి చెప్పడం తేలికే, చేయించడం కష్టం.

అయితే చవకది కూడా ఊరికే రాదు. తేలికపాటి కర్ర చెమటని పీల్చుకుంటుంది, రాత్రంతా మోసినా తలని కొరకదు. అద్దపు బిళ్ల దీపం వెలుగుని వెయ్యి ముక్కలు చేసి చివరి వరసదాకా విసురుతుంది. ప్లాస్టిక్కుకి మెరుపు ఉంది కానీ ఆ విసురు లేదు. పైగా కర్ర కిరీటానికి బిళ్ల ఊడితే మళ్లీ అతికించుకోవచ్చు. తండ్రి తలమీంచి కొడుకు తలమీదికి వస్తుంది. ప్లాస్టిక్‌ది విరిగితే చెత్తకుప్పే.

జాతర మొక్కులోనూ అదే ప్రశ్న. సప్పరం కట్టడం అంటే వెదురు తెచ్చిన మామ, దబ్బలు చీల్చిన అన్న, కాగితాలు కత్తిరించిన పిల్లలు, రాత్రంతా మెలకువగా ఉండి టీలు కాచిన అమ్మ... ఇంటిల్లిపాదీ అందులో ఉంటారు. డబ్బిచ్చి తెచ్చుకున్నా అమ్మవారు కాదంటుందని కాదు. ఊపిరాడని పనుల మధ్య కొనుక్కోక తప్పని ఇళ్లూ ఉన్నాయి. కానీ పిల్లలకి దబ్బ వంచడం చేతికి రాకపోతే వచ్చే తరానికి సప్పరం ఫొటోలోనే మిగులుతుంది. ఫొటో చూసి కవచం కట్టే జపాన్ కుర్రాడికి లెక్క చెప్పడానికి సాఫ్ట్‌వేర్ ఉంది. సప్పరం లెక్క మాత్రం ఏ కాగితంమీదా లేదు, అది చేతుల్లోనే ఉంది.

చెరిగిపోవడమే ఫలం

జాతర ముగింపు చూసినవాళ్లు మర్చిపోలేరు. మంగళవారం రాత్రి గుడి ముందు మట్టితో అమ్మవారి భారీ విశ్వరూపం సిద్ధమవుతుంది. పెద్దపెద్ద కళ్లు, ఎర్రటి నాలుక. బుధవారం తెల్లవారకముందే పేరంటాలు వేషంలో ఉన్న కైకాల వంశీకుడు వచ్చి ఆ ముఖాన్ని ఛేదిస్తాడు. దాన్నే చెంప నరకడం అంటారు. అంతే, ఆ మట్టి కోసం జనం ఎగబడతారు. చిటికెడు మట్టి ఇంట్లో ఉంటే రోగాలు రావని నమ్మకం.

భారతం మైదానంలోనూ అంతే. దుర్యోధన వధ రోజు నేలమీద మట్టితో పడుకోబెట్టిన సుయోధనుడి విగ్రహం పదుల అడుగుల పొడవుంటుంది. దానిమీదా చుట్టూ భీమ దుర్యోధనులు పరిగెత్తుతూ పోరాడతారు. తొడ విరిగాక ద్రౌపది జుట్టు ముడివేసుకుంటుంది. సాయంత్రం నిప్పులగుండం తొక్కుతారు, మర్నాడు ధర్మరాజు పట్టాభిషేకం. రోజుల తరబడి చేసిన విగ్రహం కాస్తా కాళ్లకింద మట్టిగా మారిపోతుంది.

అది చూసి ఇక్కడెవరూ అయ్యో అనుకోరు. మట్టి పోతేనేం, చేసిన చేతులున్నాయి కదా. వచ్చే ఏడాది చాటింపు వినపడే నాటికి ఆ చేతులు ఉండాలి, వాటి పక్కన దబ్బ పట్టుకునే చిన్న చేతులు కూడా ఉండాలి.

వెళ్లాలంటే...

గంగమ్మ జాతర సాధారణంగా మే నెలలో వస్తుంది, తేదీలు చాటింపుకి ముందు ప్రకటిస్తారు. తిరుపతి రైల్వేస్టేషన్ నుంచి తాతయ్యగుంట గుడికి ఆటోలు దొరుకుతాయి. విమానాశ్రయం రేణిగుంటలో ఉంది. ఒక్కరోజే వీలయ్యేవాళ్లు ఆదివారం వెళ్తే మాతంగి వేషాలు, మంగళవారం వెళ్తే సప్పరాలు చూడొచ్చు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు చివరిరోజు రద్దీని దృష్టిలో పెట్టుకోవాలి. మంచినీళ్లు తప్పనిసరి. వేషం కట్టినవాళ్లు మొక్కులో ఉంటారు, ఫొటో తీసేముందు ఓ మాట అడగడం మర్యాద.

భారతాలు ఎక్కువగా వేసవిలో, కొన్ని ఊళ్లలో ఆ తర్వాత జరుగుతాయి. 2022 ఏప్రిల్‌లో తిరుపతి జిల్లా ఏర్పడేదాకా ఇదంతా చిత్తూరు జిల్లానే. ఇప్పుడు పుత్తూరు, శ్రీకాళహస్తి తిరుపతి జిల్లాలోకి వస్తాయి. ఈ రెండు ఊళ్లకీ తిరుపతి నుంచి బస్సులో గంట ప్రయాణం. నాటకం చూడాలంటే భోజనం చేసి, దుప్పటి పట్టుకుని వెళ్లాలి. అసలు ఆట మొదలయ్యేది ఊరు సద్దుమణిగాకే, ముగిసేది కోడి కూశాకే!